మంగళవారం పుట్టిన వస్తువులు

మా తాతయ్యకి వాళ్ళ నాన్న ఇచ్చిన సేఫ్టీ రేజర్ ఒకటి ఇంట్లో రేకు డబ్బాలో చాలా ఏళ్ళుగా పడి ఉంది. ఆ మధ్య సామాను సర్దుతుంటే చేతికొచ్చింది. పాత టూత్ బ్రష్ తీసుకుని తోముతూ పోతే నల్లటి మకిలి కింద నుంచి సన్నటి ఇంగ్లీషు అక్షరాలు తేలాయి. పేటెంట్, నవంబర్ 15, 04. ఆ 04 అంటే 1904. అది రేజర్ తయారైన రోజు కాదు, ఈ రేజర్ అంతకన్నా ఎన్నో ఏళ్ళ తర్వాతిది. దాని వెనకున్న ఆలోచనకి అమెరికా పేటెంట్ ఆఫీసు హక్కు రాసిచ్చిన రోజది.

ఆ రాత్రే నెట్‌లో వెతికి ఆ పేటెంట్ పట్టుకున్నాను. నంబరు 775134. ముందు బొమ్మలు, తర్వాత సన్న అక్షరాల్లో రెండు నిలువు వరసల్లో వివరణ. మొత్తం చదివి లేచేసరికి ఒంటిగంట దాటింది. అప్పట్నుంచి నాకు ఇదే అలవాటైపోయింది, పడుకునే ముందు 1900 నుంచి 1925 మధ్య వచ్చిన పేటెంట్లు, అందులోనూ ఇంటి పనికి సంబంధించినవి, ఒకటో రెండో చదవకపోతే నిద్ర పట్టడం లేదు.

ఆ కాలపు పేటెంట్ చదివితే పాత దస్తావేజు చదివినట్టే ఉంటుంది. "అందరికీ తెలియజేయునది ఏమనగా, ఫలానా ఊరిలో నివసించే ఫలానా నేను ఫలానా వస్తువులో కొత్తవీ ఉపయోగకరమైనవీ అయిన కొన్ని మెరుగుదలలు కనిపెట్టాను" అన్న వరసలో మొదలవుతుంది. తర్వాత బొమ్మలో ప్రతి ముక్కకీ ఒక అంకె వేసి, ఏది దేనికి తగిలి ఏది కదులుతుందో వివరిస్తారు. చివర్లో క్లెయిములు, అంటే "ఇదిగో ఇంతవరకే నాది" అని గట్టు వేసుకునే చోటు. ఆ కింద సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు.

బొమ్మలకి పెట్టిన నియమాలు నాకు భలే నచ్చాయి. 10 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల పొడవు ఉన్న తెల్లటి అట్ట, చుట్టూ ఒక అంగుళం మార్జిను, నల్లటి ఇండియా ఇంకు. వెలుగు ఎప్పుడూ పై ఎడమ మూల నుంచి 45 డిగ్రీల కోణంలో పడుతున్నట్టే గీయాలి. ఇది తెలిశాక ఆ పేజీలు చూసే తీరే మారిపోయింది. బాణలి మూత అయినా, కుర్చీ కాలు అయినా, గడియారంలో పళ్ళ చక్రమైనా, అన్నిటి నీడా కుడివైపుకే, కిందికే. ఊళ్ళు వేరు, గీసిన చేతులు వేరు, కానీ ఆ లక్షల వస్తువులన్నీ ఒకే కిటికీ పక్కన పెట్టినట్టు ఉంటాయి.

ఇంకో సంగతి. అమెరికా పేటెంట్లు మంగళవారం నాడే ఇచ్చేవాళ్ళు. ఇప్పటికీ అంతే. 1904 నవంబర్ 15 మంగళవారం. ఈ కింద నేను చెప్పబోయే అమెరికా పేటెంట్లు ఏది తీసుకున్నా, తేదీ కేలండర్లో చూస్తే మంగళవారమే వస్తుంది. అప్పట్లో అప్లికేషన్ పెట్టేటప్పుడు 15 డాలర్లు, మంజూరయ్యేటప్పుడు ఇంకో 20 కట్టాలి. మంజూరైన రోజు నుంచి 17 ఏళ్ళు హక్కు ఉండేది. ఆ 17 ఏళ్ళూ అయిపోయాక ఆ వస్తువు ఎవరైనా చేసుకోవచ్చు, ఎవరైనా అమ్ముకోవచ్చు. రహస్యం దాచుకోకుండా లోకానికి చెప్పినందుకు ప్రతిఫలంగా ఇచ్చే గడువు అది. ఈ 17 అనే అంకెని గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే నేను చదివిన కథల్లో మనిషి బాగుపడిందీ నష్టపోయిందీ చాలావరకు ఆ గడువు దగ్గరే.

పేటెంట్ల మాట వస్తే చాలు ఒకాయన పేరు అందరూ ఎత్తుతారు, చార్లెస్ డ్యుయెల్. 1899లో అమెరికా పేటెంట్ కమిషనర్‌గా ఉన్న ఈయన "కనిపెట్టాల్సినవన్నీ కనిపెట్టేశారు" అన్నాడని వాట్సాప్‌లో కూడా తిరుగుతూ ఉంటుంది. ఆయన అలా అనలేదు. పేటెంట్ల సంఖ్య ఏటేటా పెరుగుతోందని రిపోర్టు రాసుకున్న మనిషి ఆయన. లెక్క చూసినా తెలిసిపోతుంది, 1900 మొదలయ్యేసరికి నంబర్లు 640167 దగ్గర ఉన్నాయి, 1911 ఆగస్టు 8న 10 లక్షలు చేరాయి. ఆ పదిలక్షలవది ఒహాయోలోని ఏక్రన్‌కి చెందిన ఫ్రాన్సిస్ హోల్టన్ అనే ఆయన బండి టైరుకి తీసుకున్నది. పన్నెండేళ్ళు కూడా తిరక్కుండా 3 లక్షల 60 వేల పేటెంట్లు! ఇంత జోరు కళ్ళముందు చూస్తున్న ఆఫీసుని నడిపిన మనిషి నోట ఆ మాట పెట్టడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది, ఎవరైనా మీకు పంపితే ఈ రెండు నంబర్లూ తిరిగి పంపండి.

సరే, రేజర్ దగ్గరికి వద్దాం. సేఫ్టీ రేజర్‌ని కింగ్ జిలెట్టే కనిపెట్టాడనుకుంటాం. కాదు, అంతకు ముందే 1880ల్లోనే ఉంది. కానీ దాని బ్లేడు మందంగా, పాతకాలపు మంగలి కత్తిని ముక్క కోసి పెట్టినట్టు ఉండేది, దాన్ని తోలు పట్టీ మీద నూరుకుంటూ ఉండాలి. జిలెట్ క్లెయిము చేసింది బ్లేడు గురించి: కాగితంలా పల్చగా ఉండి, తనంతట తను బిగువుగా నిలబడలేని రెండంచుల రేకు, దానికి బిగువు ఇచ్చేది దాన్ని వంచి పట్టుకునే పిడి. అంతే. పల్చగా ఉంది కాబట్టి ఉక్కు తక్కువ పడుతుంది, చవగ్గా వస్తుంది, మొండిదైతే పారేయొచ్చు, నూరుకునే ఖర్చు కంటే కొత్తది కొనుక్కునే ఖర్చే తక్కువ అని పేటెంట్‌లోనే రాసుకున్నాడు. ఒక వ్యాపారం మొత్తం నడిచే పద్ధతిని యంత్రం వివరణ మధ్యలో ఇలా ఒక్క వాక్యంలో చెప్పేయడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆలోచన 1895లో వచ్చింది. అంత పల్చటి ఉక్కు రేకుని గట్టిపరచి పదును పెట్టడం కుదరదని లోహాల గురించి తెలిసినవాళ్ళే చెప్పారు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు కూర్చుని ఆ పద్ధతి సాధించకపోతే జిలెట్ కాగితం కాగితంగానే ఉండేది. 1903లో, అమ్మకాలు మొదలైన మొదటి ఏడు, 51 రేజర్లు, 168 బ్లేడ్లు అమ్ముడుపోయాయి. మరుసటి ఏడు 90 వేలకి పైగా రేజర్లు! మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికుల కోసం 35 లక్షల రేజర్లు కొంది. ఇక 17 ఏళ్ళ గడువు 1921 నవంబరులో తీరుతుందని కంపెనీకి ముందే తెలుసు కదా, అదే ఏడాది గడువుకి ముందే కొత్త మోడల్ని 5 డాలర్ల ధరకి బజారులోకి తెచ్చి, పాత మోడల్ని ఒక్క డాలరుకి అమ్మేసింది. గడువు తీరేరోజు కోసం కాచుకున్నవాళ్ళకి మిగిలింది ఆ డాలరు బేరమే. 17 ఏళ్ళలో ఒక్క ఏడు కూడా వృథా కానివ్వని లెక్క అది.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న కథ. నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టుకున్నది ఇదే.

అలబామాకి చెందిన మేరీ ఆండర్సన్ అనే ఆవిడ చలికాలంలో న్యూయార్క్ వెళ్ళింది. ట్రామ్ ఎక్కింది. మంచు పడుతోంది, ముందు అద్దం మీద పేరుకుపోతోంది, దారి కనబడక డ్రైవరు ముందు కిటికీ తలుపులు తెరిచిపెట్టి ఆ చలిగాలి మొహం మీద కొడుతుంటేనే నడుపుతున్నాడు. లోపల కూర్చున్నవాళ్ళందరూ వణుకుతున్నారు. ఆ ట్రామ్‌లో అంతమంది ఎక్కారు, దిగారు. ఆవిడ మాత్రం ఇంటికెళ్ళి బొమ్మ గీయించింది. 1903 జూన్ 18న అప్లికేషన్, నవంబర్ 10న పేటెంట్, నంబరు 743801.

ఇది చదివితే ఆవిడ ఎంత శ్రద్ధగా ఆలోచించిందో తెలుస్తుంది. లోపల డ్రైవరు చేతికి అందేట్టు ఒక మీట. అది తిప్పితే బయట ఉన్న చెయ్యి అద్దం మీద అటూ ఇటూ ఊగుతుంది. ఆ చేతికి రబ్బరు పట్టీ. ఆ చెయ్యి సరిగ్గా పనిచేయడానికి ఒక స్ప్రింగు, ఒక బరువు. ఇదంతా ఎవరైనా ఆలోచిస్తారేమో, కానీ ఆవిడ ఇంకో మాట రాసింది. అవసరం లేనప్పుడు దీన్ని తేలిగ్గా ఊడదీసి పక్కన పెట్టుకోవచ్చు, మబ్బులేని రోజుల్లో బండి అందం చెడకుండా ఉంటుంది అని. నాకు ఆ వాక్యం దగ్గర చదవడం ఆగిపోయింది. అంటే మంచు కురిసే రోజుతోనే సరిపెట్టుకోలేదు, ఎండకాసే రోజున ఆ బండిని చూసే కంపెనీ వాడు ఏమంటాడో కూడా ముందే ఊహించింది.

చాలామంది ఆవిడ కారు వైపర్ కనిపెట్టిందని రాస్తారు. ఆ పేటెంట్‌లో ఉన్న ఎలక్ట్రిక్ కార్లు అంటే ట్రామ్ బండ్లు. 1903లో మోటారు కార్లు ఎన్ని ఉన్నాయి గనక! 1905లో కెనడాలోని ఒక సంస్థకి పేటెంట్ అమ్మజూపితే, దీనికి వ్యాపారపరంగా విలువ లేదు, అమ్ముడుపోదు అని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం ఇప్పటికీ చరిత్రలో మిగిలింది. ఇక లెక్క వేసుకోండి, 1903కి 17 కలిపితే 1920. గడువు తీరిపోయింది. 1922లో కాడిలాక్ వాళ్ళు వైపర్‌ని ప్రతి కారుకీ తప్పనిసరిగా బిగించి ఇవ్వడం మొదలుపెట్టారు. రెండేళ్ళు! రెండేళ్ళ తేడాలో ఆవిడకి ఒక్క డాలరు రాలేదు. 1953 దాకా బతికింది, అంటే రోడ్డు మీద పోయే ప్రతి కారు అద్దం మీద తన చెయ్యి ఊగుతుండగా ముప్పై ఏళ్ళు చూసింది. 2011లో ఇన్వెంటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చారు. మంచిదే. కానీ నాకు మాత్రం ఆ కాలపు నియమం మీద ఇప్పటికీ కోపమే, వస్తువు బజారులోకి రావడానికే ఇరవై ఏళ్ళు పట్టేచోట మంజూరైన మంగళవారం నుంచే గడియారం తిప్పడం పెద్ద కంపెనీకి సరిపోతుందేమో గానీ ఒంటరి మనిషికి సరిపోదు.

ఇంటి వస్తువులన్నీ కరెంటుతో మొదలయ్యాయి అనుకుంటాం గానీ కరెంటు వచ్చిన తొలిరోజుల్లో ఇంట్లో గోడకి ప్లగ్ పెట్టే చోటే ఉండేది కాదు. కరెంటు ఉన్నది బల్బు కోసం. ఇస్త్రీ పెట్టె పెట్టాలంటే బల్బు ఊడదీసి దాని హోల్డర్లో ఇస్త్రీ పెట్టె తీగని మర తిప్పినట్టు తిప్పి బిగించాలి, తీగంతా మెలికపడిపోతుంది. హార్వీ హబ్బెల్ అనే ఆయన 1904 నవంబర్ 8న, అంటే జిలెట్ పేటెంట్‌కి సరిగ్గా ముందు మంగళవారం, దీన్ని రెండు ముక్కలు చేశాడు. ఒక ముక్క హోల్డర్లో బిగించి అక్కడే వదిలేయాలి, రెండోది లాగితే ఊడొస్తుంది, నొక్కితే కూర్చుంటుంది. నంబరు 774250. ఇవాళ మనం ఫోన్ చార్జింగ్‌కి పెట్టి తీసే ప్రతి ప్లగ్ వెనకా ఆ ఊడొచ్చే ముక్క ఆలోచనే ఉంది.

కాలిఫోర్నియాలోని ఆంటారియో అనే ఊళ్ళో ఎర్ల్ రిచర్డ్‌సన్ కరెంటు కంపెనీలో పనిచేసేవాడు. ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసే పని కూడా ఉండేది. ఎలక్ట్రిక్ ఇస్త్రీ పెట్టె చేసి ఆడవాళ్ళకి ఇచ్చి చూడమన్నాడు. మధ్యలో మరీ వేడెక్కుతోంది, మొనకి మాత్రం వేడి చాలడం లేదు, కుచ్చిళ్ళ దగ్గరా గుండీల మధ్యా మొనే కదా కావాలి అన్నారు. మొన వేడెక్కేట్టు మార్చాడు, దాన్నే హాట్‌పాయింట్ అన్నారు. అయితే ఇంకో ఇబ్బంది ఉంది, కరెంటు రాత్రిపూటే వచ్చేది, దీపాలకే గదా. పగలు ఇస్త్రీ ఎలా? వారంలో ఒకరోజు పగలంతా కరెంటు ఇచ్చేట్టు కంపెనీని ఒప్పించాడు. ఆ రోజు మంగళవారం! అక్కడి ఇళ్ళలో సోమవారం బట్టలుతికి మంగళవారం ఇస్త్రీ చేసుకునేవాళ్ళు. పేటెంట్ల మంగళవారానికీ దీనికీ సంబంధం ఏమీ లేదు, కానీ ఇది చదివినరోజు నాకు చాలా సంతోషం కలిగింది.

వేడి చేసే తీగ గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథ సగమే. ఆల్బర్ట్ మార్ష్ 1906 ఫిబ్రవరి 6న తీసుకున్న పేటెంట్ ఇంటి వస్తువు కాదు, ఒక మిశ్రమ లోహం. నికెల్‌లో క్రోమియం కలిపిన నైక్రోమ్. అంతకుముందు ఏ తీగని ఎర్రగా కాల్చినా గాలి తగిలి త్వరలోనే పెళుసై తెగిపోయేది. ఇది తెగదు. అది దొరికాకే టోస్టర్లు, హీటర్లు వరసగా రావడం మొదలైంది. 1909లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళ టోస్టర్ వచ్చింది, కానీ దాని పక్కన నిలబడి రొట్టె తిప్పుతూ ఉండాలి, మర్చిపోతే బొగ్గే. మిన్నెసోటాలో పనిచేసే చార్లెస్ స్ట్రైట్‌కి క్యాంటీన్లో మాడిన రొట్టె తిని తిని విసుగొచ్చి, టైమరు పెట్టి, స్ప్రింగు పెట్టి, సమయానికి కరెంటు ఆగి రొట్టె పైకి ఎగిరేట్టు చేశాడు. 1921 అక్టోబర్ 18, నంబరు 1394450. మాడిన రొట్టె అంటే అందరికీ విసుగే, కానీ మార్ష్ తీగ లేకుండా ఆ విసుగు ఎన్నాళ్ళున్నా టోస్టర్ అయ్యేది కాదు.

వాక్యూమ్ క్లీనర్ కథ లండన్‌లో మొదలవుతుంది. 1901లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు అమెరికా నుంచి వచ్చిన ఒక యంత్రం ప్రదర్శన చూశాడు. అది గాలి ఊది దుమ్ము లేపుతుంది. లేచిన దుమ్ములో సగం మళ్ళీ అక్కడే పడుతుంది. ఊదే బదులు పీల్చకూడదా అని బూత్ అడిగితే, అది అయ్యే పని కాదన్నారు. ఆ తర్వాత ఒక హోటల్లో కూర్చున్నప్పుడు కుర్చీ మెత్తటి వీపు మీద చేతిరుమాలు పరిచి, నోరు ఆనించి గట్టిగా పీల్చాడట. ఉక్కిరిబిక్కిరయ్యాడు, రుమాలు తీసి చూస్తే అవతలివైపు నల్లటి మచ్చ. వడపోసే గుడ్డ ఉంటే పీల్చడం సాధ్యమేనని అక్కడే తేలిపోయింది. ఆ ఏడు ఆగస్టు 30 తేదీతో బ్రిటిష్ పేటెంట్.

కానీ ఆయన చేసిన యంత్రం ఇంట్లో పట్టేది కాదు. గుర్రబ్బండి మీద పెట్రోలు ఇంజనూ పంపూ ఎక్కించి ఇంటి ముందు ఆపి, కిటికీల్లోంచి పొడవాటి గొట్టాలు లోపలికి పంపేవాళ్ళు. దుమ్ము పోవడం కళ్ళారా కనబడాలని గొట్టంలో కొంతభాగం గాజుతో చేశారు. 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో పరిచిన తివాచీ శుభ్రం చేసింది ఈ యంత్రమే.

దాన్ని మనిషి చేతిలోకి తెచ్చింది ఒహాయోలోని కాంటన్‌లో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్లో ఊడ్చే పనిచేసే జేమ్స్ ముర్రే స్పాంగ్లర్. వయసు అరవైకి దగ్గర. ఉబ్బసం. రోజూ తివాచీలు ఊడుస్తుంటే లేచే దుమ్ముకి ఊపిరాడదు. ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దుమ్ము పట్టుకోవడానికి దిండు గలీబు కలిపి కట్టి ఒకటి తయారు చేసుకున్నాడు. 1908 జూన్ 2న పేటెంట్, నంబరు 889823. బూత్ రుమాలు, స్పాంగ్లర్ గలీబు, రెండూ ఇంట్లో ఉండే గుడ్డలే. స్పాంగ్లర్ కొత్తగా చేర్చింది ముందువైపు తిరిగే బ్రష్షు. అది తివాచీ పోగుల్లోంచి దుమ్ముని కదిపి తీస్తుంది, ఫ్యాను లాక్కుంటుంది, వెనక సంచి పట్టుకుంటుంది. ఇవాళ్టి క్లీనర్ని తిరగేసి చూడండి, ఆ బ్రష్షు అక్కడే ఉంటుంది. ఊపిరాడని మనిషి తన ఛాతీ కోసం చేసుకున్న వస్తువు అని తెలిశాక ఆ బొమ్మల్ని ఊరికే చూడలేకపోయాను.

డబ్బులేక అది ముందుకు కదల్లేదు. తెలిసినావిడ సూసన్ హూవర్ వాడి చూసి భర్తకి చెప్పింది. ఆయన విలియం హూవర్, గుర్రాల జీన్లు, తోలు సామాను చేసే వ్యాపారి. మోటారు కార్లు వస్తున్నాయి, గుర్రాల సామాను ఇక ఎంతోకాలం అమ్ముడుపోదని ఆయనకి ముందే టెన్షన్ ఉంది. హక్కు కొన్నాడు, స్పాంగ్లర్‌ని పనిలో ఉంచుకున్నాడు, అమ్మిన ప్రతిదాని మీదా రాయల్టీ ఇచ్చాడు. స్పాంగ్లర్ 1915లో చనిపోతే, గడువు తీరిన 1925 దాకా కుటుంబానికి అందుతూనే ఉంది. ఈ పదిహేడేళ్ళ లెక్కలో కష్టపడ్డవాడి ఇంటికి న్యాయంగా డబ్బు చేరిన కథ నాకు దొరికినవాటిలో ఇదొకటి, అందుకే ఇంత పొడుగ్గా చెప్పాను. బ్రాండుగా నిలిచింది మాత్రం హూవర్ పేరే.

జర్మనీలో వేరే పద్ధతి. అక్కడ పూర్తి పేటెంట్ కాకుండా చిన్న చిన్న మెరుగుదలలకి తక్కువ గడువుతో ఇంకో రకం రిజిస్ట్రేషన్ ఉండేది. డ్రెస్డెన్‌లో మెలిటా బెంట్స్ అనే గృహిణి కాఫీలో మడ్డి దిగడం భరించలేక, ఇత్తడి గిన్నె అడుగున మేకుతో కన్నాలు పొడిచి, కొడుకు నోటుబుక్కులోని బ్లాటింగ్ పేపరు పరిచి వడపోసింది. 1908లో రిజిస్టరు చేయించింది, అదే ఏడు డిసెంబరులో కంపెనీ పెట్టింది, పెట్టుబడి 73 ఫెన్నిగులు, అంటే జర్మనీ చిల్లర డబ్బులు. కంపెనీ ఇప్పటికీ ఉంది.

సర్ జేమ్స్ డ్యువర్ 1892లో రెండు గోడల గాజు ఫ్లాస్కు చేశాడు, మధ్యలో గాలి తీసేసి. ద్రవరూపంలో ఉండే చల్లటి వాయువుల కోసం, ప్రయోగశాల కోసం చేసుకున్నాడు. పేటెంట్ తీసుకోలేదు. రైన్‌హోల్డ్ బర్గర్ అనే జర్మన్ గాజు పనివాడు దాన్నే చుట్టూ లోహపు తొడుగు పెట్టి ఇంటి వస్తువుగా 1903లో పేటెంట్ చేసి థర్మాస్ అని అమ్మాడు. డ్యువర్ కోర్టుకి వెళ్ళి ఓడిపోయాడు. ఇందులో బర్గర్‌ని తిట్టడానికి నాకు మనసొప్పదు, పగిలిపోయే గాజుని సంచిలో వేసుకుని తిరిగేట్టు చేయడం కూడా పనే.

జిప్ గురించి చాలామంది రాశారు కాబట్టి క్లుప్తంగా: గిడియన్ సండ్‌బ్యాక్, 1917 మార్చి 20, నంబరు 1219881. క్లెయిములో అసలు విషయం ప్రతి పంటికీ ఒకవైపు బొడిపె, రెండోవైపు గుంట. పన్ను పంట్లో కూర్చుంటుంది. భూతద్దం పెట్టుకుని మీ జిప్‌లో చూడండి, కనిపిస్తుంది.

అమ్ముకుని నష్టపోయినవాళ్ళూ ఉన్నారు. మేరీ ఫెల్ప్స్ జేకబ్ రెండు చేతిరుమాళ్ళూ రిబ్బనూ కుట్టి చేసిన బ్రేసియర్‌కి 1914 నవంబర్ 3న పేటెంట్ తీసుకుని, తర్వాత వార్నర్ బ్రదర్స్ అనే కార్సెట్ల (నడుము బిగించే లోదుస్తుల) కంపెనీకి 1500 డాలర్లకి ఇచ్చేసింది. 1904 మొదటి మంగళవారం, జనవరి 5న, ఆ ఏటి మొదటి కట్టలోనే లిజీ మేగీ అనే ఆవిడకి ఒక బల్లమీది ఆటకి పేటెంట్ వచ్చింది, నంబరు 748626. భూమి కొందరి చేతుల్లో పోగుపడితే మిగతావాళ్ళు అద్దెలు కట్టి ఎలా చితికిపోతారో ఆడి తెలుసుకోమని చేసిన ఆట. మనం మోనోపలీ అని ఆడేది దాని వంశమే. మొదటి పేటెంట్ 1921లో తీరిపోయింది, 1924లో మళ్ళీ తీసుకుంది, 1935లో పార్కర్ బ్రదర్స్ వాళ్ళు ఆ రెండోదాన్ని 500 డాలర్లకి కొన్నారు, రాయల్టీ లేదు. అద్దెల అన్యాయం చెప్పిన మనిషికే ఇలా జరగడం చూస్తే బాధ కలుగుతుంది.

ఎలుకల బోన్ల పేటెంట్లు అమెరికాలో మొత్తం 4 వేలకి పైగా ఉన్నాయి, డబ్బు చేసుకున్నవి ఓ ఇరవై. ఎలుకల కోసం అంతమంది అంత బుర్ర పెట్టారు. వాటిలో ఇప్పటికి ముప్పై దాకా చదివి ఉంటాను, ఒక్కటి కూడా నిర్లక్ష్యంగా రాసినది కనబడలేదు.

మీకూ చదవాలనిపిస్తే ఏమీ కష్టం లేదు, గూగుల్ పేటెంట్స్‌లో నంబరు కొడితే చాలు. నా సలహా ఒకటే, బొమ్మ చూశాక సరాసరి చివరికి వెళ్ళి క్లెయిములు చదవండి, ఆ తర్వాత మొదటికి రండి. ఆ మనిషి తనదని చెప్పుకున్నది ఎంత చిన్న ముక్కో ముందే తెలిస్తే మిగతా పేజీలు వేరేగా చదువుతారు.

ప్రస్తుతం నేను ఒక్క మంగళవారాన్నే పట్టుకుని చదువుతున్నాను. 1903 నవంబర్ 10, ఆండర్సన్ గారి వారం. ఆ రోజుల్లో వారానికి సుమారు 600 మంజూరయ్యేవి. 743801 నుంచి అటొకటి, ఇటొకటి జరుగుతూ పోతున్నాను.

నిన్న కొత్త బ్లేడు ప్యాకెట్ ఒకటి కొన్నాను, పెద్దాయన రేజర్‌కి పడుతుందో లేదో చూద్దామని. పడింది, ఏ ఇబ్బందీ లేకుండా. పిడి తిప్పితే బ్లేడు నెమ్మదిగా వంగి బిగుసుకుంది, పేటెంట్‌లో రాసినట్టే. పొద్దున దాంతోనే గడ్డం గీసుకున్నాను.